షమ్సుల్ ఉమరా: ఇంటి భాషలో సైన్సు చెప్పించిన నవాబు

మన ఎంకపల్లి వాళ్లకి శంషాబాద్ కొత్త ఊరేం కాదు. అయితే ఆ పేరు ఎవరి బిరుదు మీద వచ్చిందో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. షమ్సుల్ ఉమరా అంటే అమీర్లలో సూర్యుడని అర్థం. నిజాం ప్రభువులు పైగా ఖాందాన్ వారికిచ్చిన బిరుదది. దాన్ని ధరించిన రెండవవారు నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్. వారి జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

వీరి తండ్రి తేగ్ జంగ్ రెండవ నిజాం కొలువులో పైగా ఫౌజుకు అధిపతి. ఫఖ్రుద్దీన్ ఖాన్ ఆ నిజాం కుమార్తెనే వివాహమాడారు. 1849లో కొద్ది నెలలు దివాన్‌గిరీ కూడా చేశారు. జాగీర్లకు, హోదాకు లోటు లేదు. అన్నిటికన్నా వారికి లెక్కలు, ఖగోళం మీద మోజెక్కువ.

1834లో మదరసా ఫఖ్రియా స్థాపించారు. సొంతంగా రాతి అచ్చు ఛాపాఖానా పెట్టించారు. ఇంగ్లీషు సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అందులో అచ్చువేయించారు. యంత్రాలు, ఆకాశం, నీరు, గాలి, వెలుగు, విద్యుత్తు: ఈ ఆరు విషయాల పుస్తకాలకు సిత్తా షమ్సియా అని పేరు. అప్పటికి దర్బారు భాష ఫార్సీ. ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది 1918లో. అంటే దానికి 80 ఏళ్ల ముందు మాటన్నమాట!

వెలుగు శాస్త్రంలో ఒక పాఠం చూద్దాం. మధ్యలో లావుగా, అంచుల్లో పల్చగా ఉండే గాజుబిళ్లను ఉర్దూలో అదసా అంటాము. అరబ్బీలో అదస్ అంటే మసూర్ పప్పు గింజ. ఆకారం అదే గదా. తెలుగులో కుంభాకార కటకం. సూర్యకిరణాలు దీని గుండా వంగిపోయి ఒక చోట కలుస్తాయి. ఆ చోటు నాభి. కిటికీ ఎదుటి గోడ దగ్గర భూతద్దం పట్టి ముందుకు వెనక్కు జరపండి. బయటి చెట్టు బొమ్మ గోడ మీద చిన్నగా, తలకిందులుగా పడుతుంది. చెట్టు పైనుంచి వచ్చే కిరణాలు కిందికి, కిందివి పైకి చేరడమే కారణం. అదే అద్దాన్ని అక్షరాలకు నాభి దూరం కన్నా దగ్గరగా పెడితే అవి నిటారుగా, పెద్దగా కనిపిస్తాయి. అప్పుడు కిరణాలు కలవవు, గోడ మీద బొమ్మ పడదు, కంటికి మాత్రమే కనిపిస్తుంది. దూరదర్శినిలో ఈ రెండు పనులూ ఉన్నాయి. ముందు అద్దం నక్షత్రం బొమ్మను తెస్తుంది, కంటి దగ్గరి అద్దం దాన్ని పెద్దది చేస్తుంది.

నవాబు గారు 1863లో కన్నుమూశారు. ఆ ఇల్మ్ మాత్రం ఖాందాన్‌లో ఆరిపోలేదు. మునిమనవడు నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల అద్దం గల దూరదర్శిని తెప్పించారు. ఆయన 1907లో గతించగా, మరుసటి ఏడు సర్కారు దాన్ని తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ.

నేడు మన బస్తీల్లో ఉర్దూ మీడియం అనగానే సైన్సు రాదని తల్లిదండ్రులు బెంగపడుతున్నారు. పిల్లవాడు నాభి అనే మాట బట్టీపట్టి, అద్దం చేతికిస్తే తెల్లబోతున్నాడు. లోపం ఏ భాషలోనూ లేదు. అర్థమయ్యే మాటలో చెప్పి, చేతికి వస్తువిచ్చి చూపించాలి. ఇంగ్లీషు తర్వాత నేర్చుకోవచ్చు, తప్పక నేర్చుకోవాలి కూడా. సభ్యులందరికీ మా మనవి ఒక్కటే: ఈ సెలవుల్లో ఇంటికొక భూతద్దం కొనండి, పిల్లలతో గోడ మీద చెట్టును పట్టించండి.