విసుగెరుగని ప్రార్థన: లైమన్ జ్యూయెట్ జీవితం

హైదరాబాదు నుంచి వికారాబాదు వైపు సాగే దారిలో, మొయినాబాదు దాటి చేవెళ్ల చేరేవరకు రోడ్డుకు ఇరుపక్కలా నిలిచిన మర్రిమానులు తరతరాల బాటసారులకు నీడనిచ్చాయి. మర్రిమొక్కను నాటిన చేతులు దాని నిండు నీడను అనుభవించడం అరుదు. ప్రార్థన కూడా కొన్నిసార్లు అటువంటిదే. ఈ ప్రాంతపు పల్లెల్లో పగలంతా కూరగాయల మడుల్లో, పూలతోటల్లో శ్రమించి, సందెవేళ ప్రార్థనకూటానికి చేరే విశ్వాసులను వేధించే ప్రశ్న ఒకటి ఉన్నది. బిడ్డ చదువు, భర్త తాగుడు, ఎండిన బోరు, తీరని అప్పు, మానని జబ్బు, ఏదైనా కావచ్చు, ఒకే మనవిని ఎన్నేళ్లు దేవుని సన్నిధికి మోసుకుపోవాలి? జవాబు రాకపోవడం దేవుడు వినలేదనడానికి గుర్తా?

లూకా సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం సరిగ్గా ఈ ప్రశ్నను ఎదుర్కొనేవారి కోసమే. దేవునికి భయపడని, మనుష్యులను లక్ష్యపెట్టని ఒక న్యాయాధిపతి ఇంటికి ఒక విధవరాలు పదేపదే వచ్చింది. ఆమెకు పలుకుబడి లేదు, ధనం లేదు, తరఫున మాట్లాడే మగదిక్కు లేదు. మళ్లీ రావడం ఒక్కటే ఆమె చేతిలో ఉన్నది. అన్యాయపు న్యాయాధిపతియే చివరకు ఆమె మొర ఆలకించినప్పుడు, న్యాయవంతుడైన పరలోకపు తండ్రి తన బిడ్డల మొరను విడిచిపెట్టడన్నది ప్రభువు బోధ. ఆ బోధను ఒక జీవితకాలం ఆచరించి చూపిన దైవసేవకుడు నూటపాతికేళ్లకు పూర్వమే కన్నుమూసినా, ఆయన ప్రార్థించిన నేల మన తెలుగు నేలే. ఆయనే లైమన్ జ్యూయెట్.

మూతపడబోయిన సేవ

జ్యూయెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జన్మించారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో, అనంతరం న్యూటన్ వేదాంత కళాశాలలో విద్యనభ్యసించారు. భార్య యుఫీమియాతో కలిసి 1848లో అమెరికాను విడిచి, సుదీర్ఘ సముద్రయానం చేసి, 1849లో నెల్లూరు చేరుకున్నారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను స్థితి ఏమంత ఆశాజనకంగా లేదు. దాని స్థాపకుడు శామ్యూల్ డే 1836లోనే విశాఖపట్నం వచ్చి, 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకున్నారు. అనారోగ్యం ఆయనను స్వదేశానికి పంపివేయగా కొంతకాలం నెల్లూరులో ఒక్క మిషనరీ కూడా లేడు. ఆరోగ్యం కుదుటపడిన డే జ్యూయెట్ దంపతులతో పాటు తిరిగి వచ్చారు గాని, కొన్నేళ్లకే మళ్లీ జబ్బుపడి శాశ్వతంగా వెళ్లిపోవలసి వచ్చింది.

ఇంత శ్రమకు ప్రతిఫలం ఏమిటని అమెరికాలోని సంఘాలు ప్రశ్నించసాగాయి. పక్కనున్న బర్మాలో వేలమంది విశ్వసిస్తుండగా, తెలుగుదేశంలో విశ్వాసులను వేళ్లమీద లెక్కించవచ్చు. ఈ మిషనును మూసివేయడమే మంచిదన్న ఆలోచన 1848లో ఒకసారి వచ్చి ఆగిపోయింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభలో మళ్లీ అదే ప్రస్తావన వచ్చింది. ప్రపంచ పటంపై మిషను కేంద్రాలను నక్షత్రాలతో గుర్తించగా, నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంలా కనిపించిందట. ఆ మాట విన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి, ఆ ఒంటరి నక్షత్రం ఆరిపోరాదని ఆ రాత్రే ఒక పద్యం రచించాడు. మరునాడు దానిని విన్నవారి హృదయాలు కరిగాయి. మిషను నిలిచింది. నాటినుంచి దానికి ఒంటరి నక్షత్రపు మిషను అన్న పేరు స్థిరపడింది.

కొండమీద ఐదుగురు

అదే కాలంలో జ్యూయెట్ సువార్త యాత్రలు చేస్తున్నారు. నెల్లూరుకు ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకు ఆయన భార్యతో, తెలుగు సహచరులతో కలిసి వెళ్లారు. వీధుల్లో వారి మాట విన్నవారికంటే ఎదిరించినవారే ఎక్కువ. అయినా ఆ ఊరిని విడిచి వెళ్లేముందు వారు ఒక పని చేశారు. 1854 జనవరి 1న, కొత్త సంవత్సరపు తొలి ఉదయాన, ఇంకా తెల్లవారకముందే ఊరి పక్కనున్న కొండ ఎక్కారు.

వారు ఐదుగురు: జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు, నెల్లూరు బాలికల పాఠశాలలో చదువుకున్న జూలియా, రూతు అనే మరొక సహోదరి. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారే, ముగ్గురు స్త్రీలే అన్న సంగతి మనం మరువరాదు. సువార్త ప్రకటించువాని పాదములు పర్వతములమీద ఎంత సుందరములో వర్ణించే యెషయా గ్రంథం 52వ అధ్యాయాన్ని చదువుకొని, ఒక్కొక్కరుగా ప్రార్థించారు. వారి మనవి బహు స్పష్టమైనది. ఒంగోలుకు ఒక సేవకుడు కావాలి. అంతే. దిగువన ఇళ్లు, పొలాలు కనబడుతుండగా, మిషను గృహానికి తగినదని తోచిన స్థలాన్ని కూడా జ్యూయెట్ చూపించారు.

కొండ దిగి వచ్చేసరికి జవాబు ఎదురుచూస్తూ లేదు. ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాదీ రాలేదు. ఏలీయా కర్మెలు కొండమీద వర్షంకోసం ప్రార్థించి, తన సేవకుని సముద్రంవైపు చూడమన్నాడు (1 రాజులు 18). ఆరుమార్లు అతనికి ఏమీ కనబడలేదు. ఏడవమారు మనిషి చెయ్యంత మేఘం కనబడింది. ఏడవమారును తలచుకొని మనం ఉత్సాహపడతాం గాని, విశ్వాసానికి నిజమైన పరీక్ష ఆ ఆరుమార్లలోనే ఉన్నది. జ్యూయెట్ జీవితంలో ఆ ఆరుమార్లు పన్నెండు సంవత్సరాలపాటు సాగాయి.

వెనుదిరగని నిర్ణయం

1862 నాటికి జ్యూయెట్ ఆరోగ్యం చెడి స్వదేశానికి బయలుదేరారు. అమెరికాలో అంతర్యుద్ధం రగులుతున్నది. నిధులు కొరవడ్డాయి. ఆ సంవత్సరం ప్రావిడెన్సులో జరిగిన సభలో తెలుగు మిషనును మూసివేయాలన్న ప్రతిపాదన మూడవమారు వచ్చింది. దానిమీద నిర్ణయాన్ని జ్యూయెట్ వచ్చేవరకు వాయిదా వేశారు. పాతికేళ్ల శ్రమ తరువాత కూడా విశ్వాసుల సంఖ్య వందకు చేరలేదు. అంకెలతో వాదించడానికి ఆయన వద్ద ఏమీ లేదు. మిషను సహాయం చేసినా చేయకపోయినా తాను తిరిగి వెళ్తానని, తెలుగువారి మధ్యనే బ్రతికి అక్కడే మరణిస్తానని మాత్రం ఆయన తేల్చి చెప్పారు. అలాగైతే ఆయనను పాతిపెట్టడానికైనా ఒకరిని వెంట పంపాలి గదా అని మిషను కార్యదర్శి అన్నట్లు చెబుతారు.

ఈ సంఘటన ప్రార్థనను గురించి మనకొక లోతైన పాఠం నేర్పుతున్నది. పట్టు విడువని ప్రార్థన అంటే మాటలను పెంచడం కాదు. అన్యజనులవలె విస్తరించి మాటలాడవద్దని ప్రభువే హెచ్చరించాడు (మత్తయి 6). ఏ స్థలంకోసం ప్రార్థించామో ఆ స్థలాన్ని విడిచి వెళ్లకపోవడమే పట్టుదల. భర్త మార్పుకోసం ప్రార్థించే భార్య ఆ ఇంటిలో చూపే ఓర్పు, వాన కోసం ప్రార్థించే రైతు ముందుగా దున్ని ఉంచే చేను, ఇవి కూడా ప్రార్థనలో భాగాలే. జ్యూయెట్ కొండమీద అడిగినదానికి తన జీవితాన్నే పూచీగా పెట్టారు.

పాతిపెట్టడానికి అన్నట్లు వచ్చిన ఆ తోడు జాన్ క్లౌ అనే యువకుడు. భూముల సర్వే పనిలో అనుభవమున్నవాడు. 1864లో జ్యూయెట్‌తో కలిసి బయలుదేరి మరుసటి ఏడాది నెల్లూరు చేరాడు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. కొండమీది ప్రార్థనకు పన్నెండేళ్ల తరువాత ఒంగోలుకు సేవకుడు దొరికాడు. ఏళ్ల తరబడి దైవాన్వేషణలో తిరిగిన యర్రగుంట్ల పేరయ్య అదే 1866లో బాప్తిస్మం పొందాడు. సమాజం అంచులకు నెట్టివేసిన మాదిగవారిలో జన్మించిన ఆయన తనవారి మధ్య సువార్తను పల్లెపల్లెకు మోసాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది.

కరవు తరువాత కోత

తరువాత వచ్చినది 1876-78 నాటి ఘోరమైన కరవు. మద్రాసు రాజధాని అంతటా లక్షలాదిమంది ఆకలికి, కలరాకు బలైనారు. ఆకలిగొన్నవారికి కూలి కల్పించడానికి క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులు మేస్త్రీలుగా నిలిచి, విరామవేళల్లో కూలీలకు సువార్త చెప్పారు. అనేకులు బాప్తిస్మం కోరినా, గంజికోసం వచ్చారన్న నింద పడకూడదని కరవు సహాయం ముగిసేవరకు, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెలుంపల్లి వద్ద, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొంటూ ఆ పరిచర్య నిర్వహించారు. ఆ సంవత్సరాంతానికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. కొన్నేళ్లలోనే ఆ సేవ కోస్తాను దాటి నిజాం రాజ్యంలో అడుగుపెట్టింది. 1879లో హనుమకొండలో, 1885లో పాలమూరులో దాని కేంద్రాలు వెలిశాయి. ఒకనాటి ఒంటరి నక్షత్రపు వెలుగు చేవెళ్లకు ఇరుగుపొరుగైన తెలంగాణ నేలమీద కూడా పడింది.

అయితే ఇక్కడ ఆగి జ్యూయెట్ ఎక్కడున్నారో చూడాలి. ఒంగోలులో కోత కోసినది ఆయన కాదు. ఆ 1878లోనే, అరవై అయిదేళ్ల వయస్సులో, ఆయన మద్రాసు నగరంలోని తెలుగువారి మధ్య కొత్త సేవ ప్రారంభించారు. నెల్లూరులో అనుభవించిన అదే నిదానపు దుక్కి, అదే విత్తనం, మళ్లీ మొదటినుంచి. తెలుగు బైబిలును సవరించి మెరుగుపరచే పనిలోనూ ఆయన శ్రమించారు. చివరకు వృద్ధాప్యంలో స్వదేశానికి వెళ్లి 1897లో ప్రభువునందు నిద్రించారు. తెలుగువారి మధ్య మరణిస్తానన్న ఆయన కోరిక నెరవేరలేదు. తెలుగువారు జీవం పొందాలన్న ఆయన ప్రార్థన నెరవేరింది.

వాగ్దానఫలం అనుభవింపకయే, దూరంనుంచి చూచి వందనం చేసి విశ్వాసంతో మృతినొందినవారిని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం స్మరిస్తున్నది. పౌలు తన శరీరములోని ముల్లు తొలగిపోవాలని మూడుమార్లు వేడుకొన్నప్పుడు, ముల్లు పోలేదు గాని దానిని సహించడానికి చాలినంత కృప దొరికింది (2 కొరింథీయులకు 12). కనుక ప్రతి మనవికీ మనం కోరిన రూపంలోనే జవాబు వస్తుందని పరిశుద్ధ గ్రంథం చెప్పదు. మొర ఏదీ వృథా కాదని, తండ్రి వినకుండా ఉండడని చెబుతుంది. జవాబు కొన్నిసార్లు మనచేతికి రావచ్చు, కొన్నిసార్లు మన బిడ్డల చేతికి, మరికొన్నిసార్లు మనం ఎన్నడూ చూడని పొరుగువారి చేతికి చేరవచ్చు.

ఏళ్ల తరబడి ఒకే మనవితో మోకరించే సహోదరీ సహోదరులారా! ఆ విధవరాలివలె రేపు మళ్లీ వెళ్లండి. ఒంటరిగా మోయలేనప్పుడు జ్యూయెట్‌వలె నలుగురిని వెంట తీసుకొని వెళ్లండి. అడిగినది స్పష్టంగా అడగండి. అడిగిన స్థలాన్ని విడువకండి. మనుష్యకుమారుడు వచ్చునప్పుడు భూమిమీద విశ్వాసం కనుగొంటాడా అన్న ప్రశ్నతోనే ప్రభువు ఆ ఉపమానాన్ని ముగించాడు. దానికి జవాబు చెప్పవలసినది మన మోకాళ్లే.