ఆ నాలుగు అక్షరాల్లో ఒకటి మనవాడిది

మాడుగుల దాటి గరికబంద దగ్గర ఘాట్ ఎక్కితే పాడేరు ఏజెన్సీ. అక్కడ రోడ్డు పడని గూడేలకు ఇప్పటికీ గుర్రమే ఆటో, గుర్రమే లారీ. బియ్యం బస్తా పైకి చేరాలన్నా, పసుపు సంతకు దిగాలన్నా దాని వీపే దిక్కు. మాడుగుల అనగానే హల్వా ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మీరు ఆ చుట్టుపక్కల వాళ్లయితే మీకు కొత్తేం కాదు.

అలాంటి గుర్రానికి ఒకరోజు జ్వరం వచ్చి, పొడి దగ్గు పట్టుకుని, ముక్కు కారుతోందనుకోండి. అది ఫ్లూ అయితే పక్క గుర్రాలకు ఇట్టే అంటుకుంటుంది. 2008లో జమ్మూ దగ్గరి కట్రాలో బయటపడి, దేశంలో చాలాచోట్లకు పాకింది ఇదే. అప్పుడు హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వాళ్లు ఆ వైరస్ జన్యువుల్ని చదివి, అది హెచ్3ఎన్8 రకమనీ, అందులో ఫ్లోరిడా శాఖదనీ తేల్చారు. టీకాలో ఏ రకాన్ని పెట్టాలో తెలియాలంటే ఈ చదవడం తప్పదు మరి.

ఇంతకీ చదివేది ఏమిటి? ఫ్లూ వైరస్ లోపల ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలుంటాయి. అన్నీ కలిపితే దాదాపు 13,500 అక్షరాలు. వాడే అక్షరాలు మాత్రం నాలుగే: ఎ, జి, సి, యు. గుర్రం శ్వాసనాళంలోని కణంలో దూరి వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు ‘ఎ’ అక్షరానికి ముడిసరుకు ఏటీపీ. లాబ్‌లో మనం చదివేటప్పుడు వాడేది దాని దగ్గరి చుట్టం డీఏటీపీ. ఆ ఏటీపీ కండరంలో ఉందని 1929లో హార్వర్డ్ నుంచి ప్రకటించిన ఇద్దరిలో ఒకరు సైరస్ ఫిస్కే. రెండోవారు మన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దీన్ని కనిపెట్టాడు.)

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుల్లేవు. చదువు మీద మనసూ లేదు. కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలిన పిల్లాడాయన. తల్లి వెంకమ్మ వెనక్కి లాక్కొచ్చింది. మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. సప్లిమెంటరీ రాస్తున్నవాళ్లు ఈ వాక్యం ఇంట్లో చూపించుకోవచ్చు!

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరుగారికి అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్. ఈలోగా స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములిద్దరిని రోజుల తేడాలో తీసుకుపోయింది. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరారు. ఆ ఎల్‌ఎంఎస్‌తో అమెరికాలో డాక్టరుగా నిలబడటం కష్టం. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసి బతికారు.

తర్వాత ఫిస్కే లాబ్‌లో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్ వేసి, దాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఇందులో గొప్పేముంది అనిపిస్తుంది కదా? కండరం రసంతో చేసినప్పుడు మాత్రం ఆ నీలం రావాల్సినంత త్వరగా రాలేదు. ఇంకొకరైతే మందు పాడైందని పారబోసేవారేమో. వీళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. రసంలో ఇట్టే విడిపోయే భాస్వరం సమ్మేళనం ఒకటుందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఆ దారిలోనే రెండేళ్లకు ఏటీపీ.

పీహెచ్‌డీ 1930లో వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఇక్కడే మనసు చివుక్కుమనే సంగతి ఒకటుంది. ఆయనతో పనిచేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పిన దాని ప్రకారం, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చింది. ఫిస్కే వాటిని వెలుగు చూడనివ్వలేదట. న్యూక్లియోటైడ్లంటే మనం చెప్పుకుంటున్న ఆ అక్షరాలే. అదే నిజమైతే, ఒక మనిషి పేరు పోవడం ఒకెత్తు, జన్యువుల లిపి మీద శాస్త్రానికి కొన్నేళ్లు వృథా కావడం ఇంకొకెత్తు. ఈ రెండోదే ఎక్కువ నష్టమని నా లెక్క.

1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీకి వెళ్లారు. 1906లో గుర్రాల రక్తం నుంచి డిఫ్తీరియా విరుగుడు తయారుచేయడంతో మొదలైన సంస్థ అది. అక్కడ ఆయన నడిపించిన బృందాల పని ఎనిమిదేళ్లే. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. స్ప్రూకి పనికొచ్చే మందు అది, అన్నదమ్ములిద్దరు పోయిన ఇంటివాడి చేతుల మీదుగా. బోదకాలుకు హెట్రజాన్, పిల్లల లుకేమియాపై సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ ఆ తర్వాత వచ్చాయి. 1948లో ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. ఫ్లూ వైరస్‌ను ఈ మందులేవీ చంపవు. కానీ ఫ్లూ వెనకాలే గుర్రం ఊపిరితిత్తుల్లో చేరే బ్యాక్టీరియా మీద పశువుల డాక్టర్లు వాడేవాటిలో ఆ కుటుంబానివీ ఉన్నాయి.

అదే 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. వయసు 53. ఓడెక్కిన నాటి నుంచి మళ్లీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరినీ చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, వాణ్ని చూసిందీ లేదు.

రేపు మీరు గరివిడిలో పశువైద్యంలోనో, విశాఖలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలోనో చేరారనుకోండి. భాస్వరం కొలిచే ప్రాక్టికల్ ఒకటి రావచ్చు. పరీక్షనాళికలో నీలం తేలుతుంది. రికార్డులో ఆ పద్ధతి పేరు రాయాలి: ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు తర్వాత.