శరీరం సైతం పాఠమే – ఆచార్య హాల్డేన్

నర్సింహులపేటలో పెన్షనర్లం నలుగురం కలిస్తే బీపీ, షుగర్ల ముచ్చట తరువాత మనవల పెళ్ళిళ్ళ మాట వస్తుంది. మేనరికం చేయవచ్చునా అన్న ప్రశ్నా వస్తుంది. దానికి జవాబు వెతకడానికి దారి చూపిన మహనీయులలో ఒకరు జె.బి.ఎస్. హాల్డేన్.

ఆయన 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి శరీరధర్మ శాస్త్రవేత్త. సైన్సులో పట్టా లేకుండానే హాల్డేన్ జన్యుశాస్త్రానికి గణితపు పునాది వేసినవారిలో ఒకరయ్యారు. ప్రమాదకరమైన ప్రయోగాలు తన ఒంటిమీదనే చేసుకునేవారు.

జన్యువును మన సర్వీసు రిజిస్టరుతో పోల్చవచ్చు. నకలు రాసేటప్పుడు ఒక అక్షరం మారితే ఒక్కొక్కసారి ఏమీ కాదు, ఒక్కొక్కసారి అర్థమే మారిపోతుంది. మన ఏజెన్సీ గిరిజన కుటుంబాలలో కనిపించే సికిల్ సెల్ జబ్బుకు అటువంటి ఒక్క అక్షరపు మార్పే మూలం. ఒక అక్షరం జారిపోతే ఆ తరువాతి వరుసంతా తప్పవచ్చు. 21వ క్రోమోజోము ఒకటి అదనంగా చేరితే డౌన్ సిండ్రోమ్ వస్తుంది. వీటినే ఉత్పరివర్తనలు అంటారు.

రక్తం గడ్డకట్టని హీమోఫిలియా జబ్బులో ఇటువంటి కొత్త మార్పు తరానికి సుమారు 50,000కు ఒకటి చొప్పున వస్తుందని హాల్డేన్ 1935లో అంచనా కట్టారు. అది తండ్రి వైపు నుంచే ఎక్కువని 1947లో తేల్చారు. పిల్లల జబ్బుకు కోడలినే నిందించే ఇళ్ళలో ఈ సంగతి చదివి వినిపించాలి. తలసీమియా జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ ఉండవచ్చునని ఆయన 1949లో ఊహించారు. ఇటువంటి రక్షణ సికిల్ సెల్ విషయంలో ఉందని 1954లో ఆలిసన్ చూపారు.

1957లో హాల్డేన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తరువాత భారత పౌరసత్వం స్వీకరించారు. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలను పరిశీలించి 1963లో ఫలితాలు ప్రకటించారు. మేనమామకు, మేనకోడలికి జన్యువులలో సగటున నాలుగో వంతు ఉమ్మడి. మేనబావ మరదళ్ళకు ఎనిమిదో వంతు. తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం అందుకే పెరుగుతుంది. ప్రతి మేనరికమూ చేటు కాదు గాని, ఇంట్లో అటువంటి జబ్బు ఉంటే ముహూర్తానికి ముందే రక్తపరీక్ష, వైద్యుని సలహా అవసరం.

1962లో హాల్డేన్ భువనేశ్వర్ చేరారు. 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో అక్కడే కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఎక్కడో పుట్టిన మనిషి చివరకు తెలుగు విద్యార్థులకు పాఠమైనాడు.

రిటైరయ్యాక మనం ఇవ్వగలిగింది ఏముందని నిరాశపడే మిత్రులు ఈ జీవితాన్ని ఒక్కసారి తలచుకోవాలి.