మిల్లు కార్మికుని బిడ్డ - వింబుల్డన్ విజేత

ఫ్రెడ్ పెర్రీ 1909లో ఇంగ్లండులోని స్టాక్‌పోర్టులో జన్మించారు. తండ్రి శామ్ పెర్రీ నూలు మిల్లు కార్మికుడిగా పనిచేసి, సహకారోద్యమంలో ఎదిగి పార్లమెంటు సభ్యులయ్యారు.

పెర్రీ మొదట రాణించింది టేబుల్ టెన్నిస్‌లో. 1929లో బుడాపెస్టులో ప్రపంచ ఛాంపియన్ అయి, ఆ ఆట వదిలి టెన్నిస్ చేపట్టారు. బంతి పైకి లేస్తుండగానే మణికట్టు విసురుతో కొట్టడం ఆయన ప్రత్యేకత. 1933లో, 21 సంవత్సరాల తర్వాత బ్రిటన్‌కు డేవిస్ కప్ తెచ్చిపెట్టిన జట్టులో ఆయనే ముఖ్యులు. 1934, 35, 36లలో వరుసగా వింబుల్డన్ గెలిచారు.

శ్రీమంతుల ఆటలో కార్మికుని బిడ్డ నెగ్గడం క్లబ్బు పెద్దలు కొందరికి రుచించలేదు. 1936 చివర ప్రొఫెషనల్‌గా మారగానే ఆయన సభ్యత్వం పోయింది. అదే క్లబ్బు ఆవరణలో 1984లో ఆయన విగ్రహం వెలసింది. దానిని కళ్ళారా చూసుకుని, 1995లో కన్నుమూశారు.