కిమ్ యు జంగ్

కిమ్ యు జంగ్ (ఫిబ్రవరి 12, 1908 – మార్చి 29, 1937) కొరియా దేశానికి చెందిన ప్రసిద్ధ కథకుడు, నవలాకారుడు. కొరియన్ సంప్రదాయం ప్రకారం పేరులో ముందున్న "కిమ్" ఇతని ఇంటిపేరు. కొరియా జపాను వలస పాలనలో ఉన్న కాలంలో (1910-1945) గాంగ్‌వాన్ ప్రాంతపు కొండపల్లెల జీవితాన్ని, అక్కడి మాండలికాన్ని, హాస్యాన్ని సాహిత్యంలోకి తెచ్చిన రచయితగా ఇతడు పేరుపొందాడు. ఇతని రచనలు వెలువడిన కాలం సుమారు నాలుగు సంవత్సరాలు మాత్రమే. ఆ కొద్దికాలంలోనే 30 వరకు కథలు వ్రాసి, 29 ఏళ్ళ వయసులో క్షయవ్యాధితో మరణించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

కిమ్ యు జంగ్ గాంగ్‌వాన్ ప్రాంతంలోని చున్‌చన్ సమీపాన గల సిల్లే గ్రామానికి చెందిన సంపన్న భూస్వామి కుటుంబంలో జన్మించాడు. చుట్టూ కొండలు ఆవరించి ఉండడంవల్ల ఈ గ్రామం ఆవిరిపై వంట వండే మట్టిపాత్రలా కనిపిస్తుందని, అందుకే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇద్దరు కొడుకులు, ఆరుగురు కూతుళ్ళు గల ఆ ఇంట్లో ఇతడు రెండవ కుమారుడు. పదేళ్ళు నిండకముందే తల్లిని, తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆస్తి అన్నగారి చేతిలోకి వెళ్ళింది. అన్న విలాసాలకు అలవాటుపడి ఆస్తినంతా హారతి కర్పూరం చేయడంతో ఇతడు అక్కల ఇళ్ళలో తలదాచుకోవలసి వచ్చింది.

1923లో సియోల్‌లోని హ్విమున్ ఉన్నత పాఠశాలలో చేరాడు. తరువాతి కాలంలో రచయితగా పేరొందిన అన్ హోనమ్ అక్కడే ఇతనికి ఆప్తమిత్రుడయ్యాడు. 1930లో యన్హీ కళాశాలలో (నేటి యన్సే విశ్వవిద్యాలయానికి పూర్వరూపం) ప్రవేశించినా, తరగతులకు హాజరు కానందున కళాశాల నుండి తొలగించారు. ఆ రోజుల్లోనే పాన్సోరి అనే సంప్రదాయ కథాగాన కళలో ప్రసిద్ధురాలైన పాక్ నోక్‌జూను ప్రేమించి, ఆమెకు ఎడతెగకుండా ఉత్తరాలు వ్రాశాడు. ఆమె అంగీకరించలేదు. ఈ విఫలప్రేమ ఆధారంగా 1936లో ఒక నవల మొదలుపెట్టాడు గాని, అది అసంపూర్తిగా మిగిలిపోయింది.

సిల్లేలో జీవితం

చదువు ఆగిపోయాక కిమ్ సొంత ఊరికి తిరిగివచ్చాడు. రైతుల పిల్లలకు రాత్రిబడి నడిపాడు. 1932లో దానిని ఊరిపైనున్న గుంబ్యంగ్ కొండ పేరుతో ఒక పాఠశాలగా మార్చాడు. భూస్వామి బిడ్డగా పుట్టినవాడు కౌలురైతుల మధ్య, కూలీల మధ్య, సత్రాల్లో సారాయి అమ్ముకునేవారి మధ్య తిరిగి వారి మాటతీరును, కష్టాలను దగ్గరగా చూశాడు. కొంతకాలం బంగారు గనుల ప్రాంతంలో కూడా గడిపాడు. ఇతని కథల్లో చాలావాటికి సిల్లే గ్రామమే రంగస్థలం.

సాహిత్య జీవితం

1933లో "కొండపల్లెకు వచ్చిన బాటసారి" అనే కథతో సాహిత్యరంగంలో అడుగుపెట్టాడు. క్షయవ్యాధి ఉన్నట్టు బయటపడినది కూడా ఆ సంవత్సరమే. 1935లో చోసన్ ఇల్బో దినపత్రిక నూతన సంవత్సర కథల పోటీలో "వానజల్లు" కథకు మొదటి బహుమతి లభించింది. జూదానికి రెండు వోన్‌లు సంపాదించడం కోసం భార్యను ఊరి ధనికుని వద్దకు పంపే భర్త కథ ఇది. అదే ఏడాది "తొమ్మిది మంది సంఘం" అనే ఆధునిక రచయితల బృందంలో చేరాడు. అందులోని ప్రసిద్ధ రచయిత యి సాంగ్‌తో ఇతనికి గాఢమైన స్నేహం ఏర్పడింది.

ముఖ్యమైన కథలు

* బంగారం పండే చిక్కుడుచేను (1935): 1930లలో కొరియాలో బంగారం వేట ఉద్ధృతంగా సాగింది. స్నేహితుని మాట నమ్మి, పచ్చని పైరును తవ్విపోసి బంగారం కోసం గోతులు తీసిన రైతు ఈ కథలో చివరకు రెంటికీ చెడతాడు.
* మన్ముబాంగ్ (1935): రాత్రివేళ పొలంలో వరి దొంగతనం జరుగుతుంది. దొంగను పట్టుకోవాలని కాపుకాసిన అన్నకు దొరికినవాడు ఆ పొలం సాగుచేసిన సొంత తమ్ముడే. పంట కోస్తే కౌలుకు, అప్పులకు పోగా ఏమీ మిగలదు కనుక తన పంటను తానే దొంగిలించుకోవలసి వచ్చింది.
* వసంతం, వసంతం (1935): పెళ్ళి చేస్తానన్న మాట నమ్మి, కాబోయే మామ ఇంట్లో మూడేళ్ళ ఏడు నెలలు జీతం లేకుండా చాకిరీ చేసిన అమాయకుని కథ. పిల్ల ఇంకా ఎత్తు ఎదగలేదంటూ మామ పెళ్ళి వాయిదా వేస్తుంటాడు. ఇల్లరికపు ఆచారాన్ని అడ్డుపెట్టుకుని జరిగే శ్రమదోపిడీని నవ్విస్తూ చూపించిన కథ ఇది.
* దొంగ్‌బేక్ పూలు (1936): భూస్వామి తరఫున కౌళ్ళ వ్యవహారం చూసే పెత్తందారు కూతురికి, కౌలురైతు కొడుక్కి మధ్య కోడిపోట్లాటల రూపంలో మొదలైన తొలివలపు.

మాండలికం, శైలి

కిమ్ కథల్లో స్థానిక భాష అలంకారం కాదు. అది తెలియకపోతే కథే మారిపోతుంది. ఇందుకు "దొంగ్‌బేక్ పూలు" మంచి ఉదాహరణ. ప్రామాణిక కొరియన్‌లో దొంగ్‌బేక్ అంటే దక్షిణ తీరాల్లో పూసే ఎర్రని కమీలియా పువ్వు. చలి ఎక్కువైన గాంగ్‌వాన్ కొండల్లో మాత్రం అల్లపు వాసనగల ఒక అడవిచెట్టును ఆ పేరుతో పిలుస్తారు. దాని పూలు పసుపుపచ్చగా ఉండి వసంతారంభంలో పూస్తాయి. కథ చివర ఇద్దరూ ఒరిగిపడేది ఆ పసుపు పూలలోనే. ఈ సంగతి తెలియని అనువాదాల్లో కథకు "కమీలియా" అన్న పేరే స్థిరపడిపోయింది.

ఇతని పాత్రలు తమ దుస్థితికి కారణాలను విశ్లేషించరు. నినాదాలు చేయరు. మోసపోతారు, పోట్లాడుకుంటారు, పాఠకుని నవ్విస్తారు. అందువల్ల ఇతడు పేదరికాన్ని కేవలం హాస్యవస్తువుగా చూశాడని కొందరు విమర్శించారు. అయితే పంట పండించినవాడే దొంగగా మారే పరిస్థితిని చిత్రించిన "మన్ముబాంగ్" వంటి కథలను గమనిస్తే, ఆ నవ్వు వెనుక వలసకాలపు కౌలు వ్యవస్థపై తీవ్రమైన అభియోగం ఉందని తెలుస్తుంది.

మరణం

చివరి రోజుల్లో కిమ్ గ్యంగీ ప్రాంతంలోని గ్వాంగ్‌జూలో అక్క ఇంట్లో ఉన్నాడు. మరణానికి 11 రోజుల ముందు అన్ హోనమ్‌కు ఉత్తరం వ్రాస్తూ, అనువదించడానికి డిటెక్టివ్ నవల ఏదైనా పంపమని, వచ్చిన డబ్బుతో కోళ్ళు, పాములు కొని తిని ఆరోగ్యం కోలుకుంటానని కోరాడు. ఆ కోరిక తీరలేదు. 1937 మార్చి 29న మరణించాడు. మూడు వారాలైనా తిరగకుండా, ఏప్రిల్ 17న టోక్యోలో యి సాంగ్ కూడా కన్నుమూశాడు. మే నెలలో మిత్రులు ఇద్దరికీ కలిపి సంతాపసభ జరిపారు. కిమ్ కథల సంపుటి 1938లో, అతని మరణానంతరమే వెలువడింది.

గుర్తింపు

2002లో సిల్లేలో కిమ్ యు జంగ్ సాహిత్య గ్రామాన్ని ప్రారంభించారు. 2004లో అక్కడి సిన్నమ్ రైల్వేస్టేషనుకు ఇతని పేరు పెట్టారు. కొరియాలో ఒక వ్యక్తి పేరు పెట్టుకున్న మొట్టమొదటి రైల్వేస్టేషను ఇదే.