ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు గారు

గూడూరులో మనం ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుకుంటాం. ఆ రెండు భాషలనూ ఆదరించిన పెద్దమనిషి మాడపాటి వారు. 1885లో కృష్ణా జిల్లాలో పుట్టి, హనుమకొండలో ఉద్యోగం చేశారు. ఉర్దూ, ఫార్సీ బాగా నేర్చి, ముషీరె దక్కన్ పత్రికకు వ్యాసాలు రాసేవారు. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడిన వక్తను గేలి చేస్తే, ఆంధ్ర జనసంఘం పెట్టడానికి పూనుకున్నారు. అయినా ఉర్దూ మీద పగ పెట్టుకోలేదు. 1928లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టించారు. 1951 నుంచి 1954 దాకా మూడుసార్లు హైదరాబాదు మేయరుగా ఎన్నికయ్యారు. 1955లో పద్మభూషణ్ అందుకున్నారు. 1958 నుంచి 1964 వరకు శాసనమండలి అధ్యక్షులుగా ఉండి, 1970లో కన్నుమూశారు. సొంత భాష కోసం నిలబడుతూనే పొరుగు భాషను ప్రేమించవచ్చని ఆయన బ్రతికి చూపించారు. మన ఆడపిల్లలను రెండు భాషల్లోనూ చదివిద్దాం.