జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ప్రముఖ జన్యుశాస్త్రవేత్త. ఇంగ్లండులో పుట్టిన ఈయన తన చివరి ఏడేళ్ళు భారతదేశంలో గడిపి, ఇక్కడి పౌరసత్వం స్వీకరించాడు. మనుషుల జన్యువులలో, ముఖ్యంగా రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువులలో, ఇంత వైవిధ్యం ఎందుకున్నదన్న ప్రశ్నకు దారి చూపినవారిలో ఈయన ఒకడు.

జీవిత విశేషాలు

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో గణితము, ప్రాచీన సాహిత్యము చదివాడే గాని జీవశాస్త్రంలో ఈయనకు పట్టా లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారిగా పనిచేసి గాయపడ్డాడు. తరువాత కేంబ్రిడ్జిలోను, 1933 నుండి లండను యూనివర్సిటీ కాలేజీలోను బోధించాడు. ఫిషర్, సీవాల్ రైట్‌లతో పాటు జనాభా జన్యుశాస్త్రానికి గణిత పునాది వేశాడు.

వ్యాధులు, వైవిధ్యము

1949లో ప్రకటించిన ఒక వ్యాసంలో హాల్డేన్, మానవ పరిణామాన్ని నడిపించిన శక్తులలో అంటువ్యాధులు ముఖ్యమైనవని వాదించాడు. సూక్ష్మజీవులు జనంలో ఎక్కువమందికి ఉన్న శరీర రసాయన లక్షణానికే అలవాటు పడతాయి. అరుదైన లక్షణం గలవాడు వాటినుండి తప్పించుకుంటాడు. అతని సంతతి పెరిగి ఆ లక్షణం సామాన్యమైతే ఆ మేలు తగ్గిపోతుంది. ఈ విధంగా ఏ ఒక్క రకమూ పూర్తిగా గెలవక, వైవిధ్యం నిలిచి ఉంటుంది. మధ్యధరా ప్రాంతపు తలసీమియాకు, మలేరియాకు సంబంధం ఉండవచ్చునని కూడా ఈయన ఊహించాడు. కొడవలి కణాల విషయంలో ఇటువంటి సంబంధాన్నే 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు.

ప్రతిరక్షకాల జన్యువుల నిర్మాణం హాల్డేన్ మరణించాక తెలిసింది. ఇవి మనిషిలో 14, 2, 22 క్రోమోజోములపై ముక్కలుగా ఉంటాయి. ఒక్కొక్క బి కణం ఆ ముక్కలను ఒక్కొక్క విధంగా కలుపుకొంటుంది. ఈ సంగతిని 1976లో ఎలుకలలో నిరూపించిన సుసుము టొనెగవాకు 1987లో నోబెల్ బహుమతి లభించింది. ముక్కలు తల్లిదండ్రుల నుండి వచ్చేవే, అవి మనిషికీ మనిషికీ కొంత తేడాగా ఉంటాయి. సమరూప కవలలలో, సూక్ష్మజీవులను ఇంకా ఎదుర్కొనని బి కణాలు ముక్కలను వాడుకునే తీరు చాలావరకు ఒకేలా కనిపిస్తుంది. జబ్బులు, టీకాలు తగిలిన తరువాత మాత్రం ఎవరి ప్రతిరక్షకాలు వారివే.

ఇందులో పుట్టుక పాలెంత, పరిసరాల పాలెంత అని లెక్క తేల్చడం సులభం కాదు. 1946లోనే హాల్డేన్ దీనిని గణితపరంగా చర్చించాడు. ఒక పరిసరంలో మేలైన జన్యురూపం మరొక పరిసరంలో వెనుకబడవచ్చు. కనుక రెండింటినీ విడదీసి కూడిక వేయరాదన్నది ఆయన వాదన సారాంశం.

భారతదేశంలో

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాడు. పంచె, లాల్చీ ధరించి, శాకాహారం అలవరచుకున్నాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఇక్కడే ఈయనకు శిష్యుడైనాడు. కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1960 దశకపు తొలి సంవత్సరాలలో ఆంధ్ర ప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై అధ్యయనాలు ప్రకటించాడు. ఆలూరు వంటి రాయలసీమ ఊళ్ళవారికి మేనరికం కొత్త సంగతి కాదు. మేనమామ, మేనకోడళ్ళ సంతానంలో, ఒక జన్యువు యొక్క రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య వివాహమైతే పదహారింట ఒకటి. ప్రతిరక్షకాల ముక్కలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇటువంటి వివాహాలు తరతరాలుగా సాగుతున్న దక్షిణ భారతదేశం జన్యుశాస్త్రానికి అరుదైన అధ్యయన క్షేత్రమని హాల్డేన్ గుర్తించాడు.

అభిప్రాయభేదాల వల్ల 1961లో ఆ సంస్థను వీడి, మరుసటి ఏడు భువనేశ్వర్ చేరాడు. ఒరిస్సా ప్రభుత్వం ఈయన కోసం ఒక జన్యు పరిశోధనశాలను ఏర్పరచింది.

మరణం

హాల్డేన్ 1964 డిసెంబరు 1న క్యాన్సరుతో భువనేశ్వర్‌లో మరణించాడు. బ్రతికినంతకాలం తన శరీరంపైనే ఎన్నో ప్రయోగాలు చేసుకున్న ఈయన, మరణానంతరం కూడా అది చదువుకే ఉపయోగపడాలని కోరాడు. ఆ ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు తరలించారు.